పక్క కుర్చీ

ఆ బడిలో చేరేదాకా ఆమె ఎవరికీ పెద్దమ్మ కాదు. అంతకుముందు చాలా ఏళ్లపాటు ఒక పెద్ద హోటల్ అడుగున, కిటికీ అన్నది లేని గదిలో, ఉతికిన దుప్పట్లు మడతపెట్టేది. ఇస్త్రీ యంత్రంలోంచి దుప్పటి వేడివేడిగా బయటికి రాగానే ఈ కొసలు తను, ఆ కొసలు ఇంకొకామె పట్టుకోవాలి. ఆ ఇంకొకామెది మరో దేశం. ఈమె మాట ఆమెకు తెలియదు, ఆమె మాట ఈమెకు తెలియదు, ఇద్దరికీ ఇక్కడి భాష అంతంతమాత్రం. గడ్డం ఎగరేస్తే మడత, తల ఊపితే పక్కన పెట్టడం. వాళ్ల కబుర్లన్నీ అవే. ఒకవేళ మాటలు తెలిసినా ఆ యంత్రాల హోరులో అరిచినా వినపడేది కాదు.

ఇంటికి వెళితే అక్కడా మాటలకు కరువే. భర్త సిటీ బస్సుల డిపోలో మెకానిక్. ఆమె ఇంటికొచ్చే వేళకు ఆయన డ్యూటీకి బయలుదేరేవాడు. కూతురికి పదిహేడేళ్లు. దాని గది తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. తెలుగులో ఏం అడిగినా ఇక్కడి భాషలో జవాబు చెప్పేది, అదీ తలుపు తియ్యకుండానే.

పప్పులూ బియ్యమూ కొనే కొట్టాయన ఒకరోజు తూకం వేస్తూ అడిగాడు. "అక్కా, కూర్చుని తెలుగు మాట్లాడే ఉద్యోగం ఉంది, చేస్తావా?"

ఏడిపిస్తున్నాడనుకుంది. కాదు, నిజమే. బస్సు డిపో వెనక ఉన్న చిన్నపిల్లల బడిలో ఒక తెలుగు పిల్ల కొత్తగా చేరిందట. ఏడేళ్లుంటాయట. వచ్చినప్పటినుంచీ నోరు మెదపడం లేదట. ఆ పిల్ల పక్కన కూర్చుని, టీచరు చెప్పింది పిల్లకీ పిల్ల చెప్పింది టీచరుకీ అందించే మనిషి కోసం వెతుకుతున్నారట.

ఇంటికొచ్చి చెబితే భర్త పడీ పడీ నవ్వాడు. "తెలుగు మాట్లాడితే జీతమిస్తారా? ఇన్నేళ్లూ నాతో ఊరికే మాట్లాడి ఎంత నష్టపోయావే!"

"మాట్లాడ్డానికి మీరు దొరికితే కదా నష్టపోవడానికి," అంది ఆమె.

మొదటిరోజు పిల్ల తల్లి ఆమెను గేటు దగ్గర కలిసింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మందుల గిడ్డంగిలో పెట్టెలు కట్టే పని. అప్పటికే ఆలస్యమై కాళ్లు ఒకచోట నిలవడం లేదు. "మా మిరియాన్ని కాస్త చూసుకోండక్కా," అంది. మిరియం ఆ పిల్ల ముద్దుపేరు. చూడ్డానికి గింజంత, నోట్లో పడితే తెలుస్తుందని వాళ్ల నాన్న పెట్టాడట. "ఇంట్లో వాగుతూనే ఉంటుంది. ఇక్కడికొస్తే నోటికి తాళం వేసుకుంటుంది. పెద్దమ్మ అని పిలవమన్నాను మిమ్మల్ని. పిలుస్తుందో లేదో మరి."

తరగతి గది వెనక గోడకు వరసగా కొక్కేలు, వాటికి పిల్లల కోట్లు. ఆ కోట్ల కింద రెండు బూట్లు కనిపించాయి. మిరియం అక్కడ కూర్చుని ఉంది. పిలిస్తే రాలేదు, బతిమాలితే మొహం ఇంకాస్త లోపలికి పెట్టుకుంది. టీచరు కళ్లజోడును మెడలో తాడుకు వేలాడేసుకునే పొడుగాటి మనిషి. ఏం చేద్దామన్నట్టు ఆమె వైపు చూసింది. ఆమె మాత్రం ఏం చేస్తుంది? పక్కనే ఉన్న పిల్లల కుర్చీలో కూలబడి తనలో తాను మాట్లాడుకున్నట్టు తెలుగులో అంది.

"ఈ కుర్చీ ఎవరి కొలతలతో చేశారో గానీ, మోకాళ్లు వచ్చి చెవులకు తగులుతున్నాయి. ఇప్పుడు లేవాలంటే నలుగురు పట్టాలి."

కోట్ల కిందినుంచి సన్నటి గొంతు వినిపించింది. "నలుగురు చాలరు. క్రేను కావాలి."

ఆమెకు నవ్వూ ఏడుపూ రెండూ ఒకేసారి వచ్చాయి. పగటి వెలుగులో, నలుగురున్న చోట, ఒక మనిషి తనతో తెలుగులో వేళాకోళం ఆడి ఎన్నాళ్లైందో.

ఆ రోజునుంచి ఆమె పెద్దమ్మ అయింది. మిరియం పిలవడం విని తరగతిలో పిల్లలందరూ అదే ఆమె పేరనుకున్నారు. వాళ్ల నోట్లో అది "పెదామా" అయింది. ఈ సంగతి విన్నాక భర్త, "లక్ష్మీదేవి అక్క నా ఇంట్లోనే ఉందన్నమాట, అందుకే నాకు ఏదీ కలిసి రావట్లేదు," అని రెండు రోజులు ఏడిపించాడు.

మిరియం నోరు ఇక మూతపడలేదు. కాకపోతే మాటలన్నీ తెలుగులో, పెద్దమ్మ చెవిలో.

"పెద్దమ్మా, టీచరు కళ్లజోడు తాడుకు ఎందుకు కట్టింది? పారిపోతుందనా?"

"మరిచిపోతుందని."

"మొహం మీద ఉన్నది ఎట్లా మరిచిపోతుంది?"

ముక్కు ఎప్పుడూ కారుతూ ఉండే ఒక పిల్లాడు ఆ చేత్తోనే మిరియం రబ్బరు తీసుకున్నాడు. "ఛీ, నాకొద్దు, వాడినే ఉంచుకోమను," అంది మిరియం. పెద్దమ్మ ఆ మాటను ఇక్కడి భాషలోకి మార్చేసరికి అది, "నీకు బహుమతిగా ఇస్తోంది," అయింది. పిల్లాడు మురిసిపోయి మర్నాడు మిరియానికి ఒక రంగు పెన్సిల్ తెచ్చిచ్చాడు. మిరియం దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని తుడిచి తుడిచి పెట్టెలో పెట్టుకుంది. పెద్దమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

ఇంటికి వెళ్లేటప్పుడు బస్సులో ఆ మాటలన్నీ మళ్లీ గుర్తు చేసుకునేది. వంట చేస్తూ తనలో తాను నవ్వుకునేది. ఎవరికైనా చెప్పాలనిపించి కూతురి తలుపు దాకా వెళ్లి, లోపలినుంచి పాట వినిపిస్తుంటే వెనక్కి వచ్చేసేది. ఆదివారం ఉద్యోగం లేదని బాధపడే మనిషి ఆ ఊరంతటికీ తనొక్కతేనేమో అనుకునేది.

ఒక మధ్యాహ్నం ఆటస్థలం బల్ల మీద ఇద్దరూ అన్నం డబ్బాలు విప్పుకున్నారు. మిరియం నోటినిండా ముద్ద పెట్టుకుని అడిగింది. "మీ ఇంట్లో నీతో ఎవరు మాట్లాడతారు?"

"గోడలు."

"అవి జవాబివ్వవుగా."

"అందుకే కదే నీ దగ్గరికొచ్చింది." పెద్దమ్మ నవ్వింది. ఆ నవ్వులోనే ఇంకో మాట అనేసింది. "నీకీ భాష వచ్చేసిందనుకో, నన్ను పంపించేస్తారు. మళ్లీ నేనూ నా దుప్పట్లూ."

'అయ్యో వద్దు పెద్దమ్మా' అంటుందనుకుంది, అనిపించుకోవాలనే అంది కూడా. మిరియం మాత్రం డబ్బా మూతను అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. పెద్దమ్మ ఆ సంగతి అక్కడితో మరిచిపోయింది.

చలి ముదిరింది. మిరియంతో పాటే బడిలో చేరిన వేరే దేశాల పిల్లలు ఇద్దరున్నారు. వాళ్లు ఆటల్లో దెబ్బలాడుకునేంత భాష నేర్చుకున్నారు. మిరియం మాత్రం తరగతిలో ఒక్క మాట పలకలేదు. టీచరు ఏదైనా అడిగితే పెద్దమ్మ చెవిలో చెప్పేది, పెద్దమ్మ పైకి చెప్పేది. రెండు జడల పిల్ల ఒకతి మిరియం చుట్టూ తిరుగుతూ ఉండేది. ఒకరోజు ఉయ్యాల దగ్గరికి రమ్మని చెయ్యి చాపింది. మిరియం పెదవులు కదిలాయి. ఈలోపే పెద్దమ్మ, "దానికి చలి, రాదు," అని చెప్పేసింది. రెండు జడలు ఊపుకుంటూ ఆ పిల్ల పరిగెత్తి వెళ్లిపోయింది. మిరియం ఉయ్యాల వైపే చూస్తూ ఉండిపోయింది. పెద్దమ్మ తన శాలువా తీసి దానికి కప్పి, పొద్దున అది సగంలో ఆపిన కథ తర్వాత ఏమైందో చెప్పమని అడిగింది.

ఆ వారమే టీచరు సాయంత్రం ఆగమంది. నెమ్మదిగా, ఒక్కొక్క మాట విడదీసి చెప్పింది. పిల్ల తెలివైనది, లెక్కలు చకచకా చేస్తుంది, చెప్పింది అర్థమవుతున్నట్టే ఉంది. కానీ ఎందుకు మాట్లాడదు? ఇంట్లో ఏమైనా ఇబ్బందా? డాక్టరుకు చూపించమని తల్లిదండ్రులకు చెప్పాలా?

"కొంచెం టైం ఇవ్వండి," అంది పెద్దమ్మ. ఆ మాట చెప్పేటప్పుడు ఆమెకు పిల్ల గురించి ఎంత భయమేసిందో, పక్క కుర్చీ గురించీ అంతే భయమేసింది.

తర్వాత కొద్దిరోజులకు మిరియం బాత్‌రూంకు వెళ్లి ఎంతకీ రాలేదు. పెద్దమ్మ తువ్వాలు పట్టుకుని వెళ్లింది. తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపల ఎవరో పిల్ల గడగడా మాట్లాడుతోంది. ఇక్కడి పిల్లే అనుకుని ఆగింది. అంతలో ఆ గొంతు మారి అచ్చం టీచరులా సాగదీసి, "అందరూ కూర్చోండి, నా మాట వినండి," అంది. మళ్లీ మారి రెండు జడల పిల్లలా ముద్దుముద్దుగా ఏదో అడిగింది. ఆ తర్వాత వచ్చిన మాటలు తడబడుతూ, ఒత్తులన్నీ తప్పుతూ, ఒక వాక్యం సగంలో ఆగి మళ్లీ మొదటికొచ్చాయి. ఆ గొంతు తనదేనని పోల్చుకోవడానికి పెద్దమ్మకు కాస్త సేపు పట్టింది.

సందులోంచి తొంగిచూసింది. మిరియం అద్దం ముందు బల్లెక్కి నిలబడి అందరి వేషాలూ తనే వేస్తోంది. ఇక్కడే పుట్టిన పిల్ల మాట్లాడినట్టు ఉంది ఆ భాష.

"ఎన్నాళ్లనుంచి వచ్చునే నీకు?"

మిరియం ఉలిక్కిపడి దిగింది. "ఏది?"

"నా దగ్గరా నాటకాలు?"

పిల్ల కాసేపు నేల చూసింది. "కొంచెం కొంచెంగా వచ్చేసింది పెద్దమ్మా. నేనేం చెయ్యను? వద్దన్నా వచ్చేసింది."

"వద్దనడం ఏమిటే? మరి క్లాసులో మాట్లాడవేం?"

"మాట్లాడితే నిన్ను పంపించేస్తారుగా. నువ్వే చెప్పావు. ఇంట్లో నీతో ఎవరూ మాట్లాడరని కూడా చెప్పావు."

పెద్దమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. మిరియం ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుంది. "ఎవరికీ చెప్పొద్దు. ఒట్టెయ్యి."

ముందుకు చాపిన ఆ తడి చేతిలో పెద్దమ్మ చెయ్యి వేసింది. "ఒట్టు."

అది తప్పని ఆమెకు తెలియక కాదు. చలి తగ్గాక చెబుదాంలే, పిల్ల ఇంకాస్త కుదురుకోనీ, అని తనకు తనే సర్దిచెప్పుకుంది. సిగ్గు విడిచి చెప్పాలంటే ఆ రోజుల్లో ఆమె మనసు గాలిలో తేలింది. తను ఎక్కడ వెళ్లిపోతుందోనని ఒక పసిప్రాణం ఇంత కష్టపడుతోంది. అంతగా తనను పట్టుకుని ఉంచుకోవాలని ఎవరనుకున్నారు ఈ దేశంలో? వంటింట్లో గిన్నెలు తోముతూ ఆ మాట తలుచుకుని ఒకసారి కళ్లు తుడుచుకుంది. పిల్ల రోజంతా పళ్లు బిగించుకుని కూర్చుంటోందని ఆమెకు కనిపించలేదు. కనిపించినా చూడలేదు.

రంగులు వేసే రోజు వచ్చింది. రెండు జడల పిల్ల రెండు వారాలుగా ఒక పెద్ద బొమ్మ వేస్తోంది, నది మీద వంతెన, వంతెన మీద బోలెడు మనుషులు. పెద్దమ్మ కాగితాలు తేవడానికి పక్కగదికి వెళ్లి వచ్చేసరికి ఆ వంతెన మీద నల్లరంగు నీళ్లు ఒలికి ఉన్నాయి. ముక్కు కారే పిల్లాడు వేలెత్తి మిరియాన్ని చూపిస్తున్నాడు. మిరియం పరుగెత్తుకొచ్చి పెద్దమ్మ చెవిలో చెప్పింది. "నేను కాదు. వాడే మోచెయ్యి తగిలించాడు."

పెద్దమ్మ ఆ మాట పైకి చెప్పింది. తడబడింది. 'మోచెయ్యి' అనే మాట రాక తన మోచేతిని చూపించింది. పిల్లలు కొందరు నవ్వారు. రెండు జడల పిల్ల నవ్వలేదు. ఏడుపు ఆపుకుంటూ వచ్చి మిరియం ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. పెద్దమ్మ వైపు చూడనే లేదు.

"నువ్వు చెప్పు," అంది. "పెదామా కాదు. నువ్వు చెబితే నేను నమ్ముతాను."

మిరియం నోరు తెరిచింది. మాట నాలుక చివరిదాకా వచ్చిందని పెద్దమ్మకు తెలుస్తూనే ఉంది. పిల్ల ఒక్కసారి తల తిప్పి పెద్దమ్మను చూసింది. నోరు మూసుకుంది. కళ్లలోంచి నీళ్లు బొటబొటా రాలాయి గానీ పెదవి విడలేదు. రెండు జడల పిల్ల లేచి, తన పెన్సిళ్లూ రంగులూ తీసుకుని ఇంకో బల్లకు వెళ్లిపోయింది. ముక్కు పిల్లాడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ అన్నం తినలేదు. టీచరు ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి చెప్పేసింది. వచ్చీ రాని మాటల్లో, వెనకా ముందూ అయిపోతూ, చెప్పింది. పిల్లకు భాష వచ్చు. నాకంటే ఎంతో బాగా వచ్చు. నా కోసం మాట్లాడటం లేదు. నేను వెళ్లిపోతానని మాట్లాడటం లేదు. నాకు తెలిసి కూడా దాచాను.

టీచరు కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచింది. "మీ తప్పు కాదు," అంది చివరికి.

"నాదే," అంది పెద్దమ్మ. ఆ మాట మాత్రం తడబడకుండా వచ్చింది.

ఇద్దరూ కలిసి ఆలోచించారు. ఒక్కసారిగా మానేస్తే పిల్ల బెంగపెట్టుకుంటుంది. ముందు కుర్చీని వరండాలోకి మారుద్దాం, తర్వాత అన్నం వేళకు మాత్రమే రండి, ఆ తర్వాత చూద్దాం అంది టీచరు. ఆ చివరి మాటకు అర్థమేమిటో ఇద్దరికీ తెలుసు.

పిల్లకు తనే చెబుతానంది పెద్దమ్మ. కోట్ల దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టుకుని చెప్పింది. మిరియం మొహం ముందు ఎర్రబడింది, తర్వాత ముడుచుకుంది.

"ఒట్టేశావు!"

"వేశాను తల్లీ. వెయ్యకూడనిది వేశాను."

"నీకోసమే కదా నేను..." పిల్ల రెండు పిడికిళ్లతో పెద్దమ్మ భుజం మీద గుద్దింది. ఆపకుండా గుద్దింది. పెద్దమ్మ దాని చేతులు పట్టుకోలేదు. "నాకోసం నువ్వు నోరు కట్టేసుకోవడం ఏమిటే? నేను పెద్దదాన్ని, నా బాధలు నేను పడతాను. నువ్వు వెళ్లి ఉయ్యాల ఊగు," అంది.

మిరియం దూరంగా జరిగింది. చెంపలు తుడుచుకుంది. అప్పుడు మొదటిసారి ఆమెతో ఇక్కడి భాషలో మాట్లాడింది. స్పష్టంగా, ఒక్క ఒత్తు కూడా తప్పకుండా అంది. "వెళ్లిపో."

ఆ తర్వాత రోజుల్లో పెద్దమ్మ వరండాలో కూర్చుని టీచరు ఇచ్చిన రంగుకాగితాలు కత్తిరిస్తూ ఉండేది. మూసిన తలుపు అవతల తరగతి సందడి. తలుపు తెరుచుకున్నప్పుడల్లా తలెత్తేది. మిరియం ఆమె ముందునుంచే నీళ్లకు వెళ్లేది, వచ్చేది, పలకరించేది కాదు. అన్నం వేళ పక్కనే కూర్చునేది గానీ డబ్బా వైపే చూస్తూ తినేది. "కూర కారంగా ఉందా?" అంటే భుజాలెగరేసేది. ఇంట్లో కూతురు ఎగరేసినట్టే.

ఒకరోజు తలుపవతల ఎవరో పిల్ల పాఠం చదువుతోంది. గట్టి గొంతు, కాస్త పొగరుగా కూడా ఉంది. కొత్తగా ఎవరైనా చేరారేమో అనుకుంటూ పెద్దమ్మ కత్తెర ఆడించింది. చదవడం అయిపోయింది.  అప్పుడు టీచరు పేరు పెట్టి మెచ్చుకుంది, ఆ పేరు మిరియం అసలు పేరు. పిల్లలు చప్పట్లు కొట్టారు. రెండు జడల పిల్ల కాబోలు, ఎవరో కీచుగా అరిచారు కూడా.

పెద్దమ్మ కత్తెర ఒడిలో పెట్టుకుంది. తెలుగులో ఆ గొంతును నిద్రలో విన్నా గుర్తుపట్టేది. ఆ భాషలో దాన్ని పోల్చుకోలేకపోయింది. లేచి తలుపు అద్దంలోంచి చూడాలనిపించింది. చూస్తే పిల్ల ఎక్కడ మళ్లీ నోరు కట్టేసుకుంటుందోనని లేవలేదు.

చివరిరోజు మిరియం తల్లి గిడ్డంగిలో చెప్పి ముందే వచ్చింది. పెద్దమ్మ చేతులు రెండూ పట్టుకుంది. "మీ చలవేనక్కా. ఇప్పుడు అది మాట్లాడుతుంటే మాకే సగం అర్థం కావట్లేదు. ఇక ఇంట్లో కూడా మేం ఇదే మాట్లాడదామనుకుంటున్నాం. దానికీ బాగా వస్తుంది, మాకూ అలవాటవుతుంది."

"వద్దమ్మాయ్," అంది పెద్దమ్మ. ఆ గట్టిదనానికి తల్లి ఉలిక్కిపడింది. "నా మాట విను. మేం అలాగే చేశాం. మా పిల్ల మీ మిరియం అంత ఉన్నప్పుడు వచ్చాం. పాపం ఏడుస్తోందని, తొందరగా నేర్చుకుంటుందని, ఇంట్లో దానితో తెలుగు మానేద్దామన్నది నేనే. ఇక్కడి భాష మాకు ఏమొచ్చు? తిన్నావా, చదివావా, పడుకో. ముద్దొస్తే పిలవడానికి మాట లేదు, కోపమొస్తే తిట్టడానికి మాట లేదు. అది పెద్ద పెద్ద మాటలు నేర్చుకుంటూ వెళ్లిపోయింది. మేం ఆ మూడు మాటల దగ్గరే ఉండిపోయాం. బడిలో భాష బడే నేర్పుతుంది. ఇంట్లో మీకొచ్చిన భాషలో దాన్ని పెంచండి. తిట్టినా సరే, తెలుగులో తిట్టండి."

తల్లి తల ఊపింది. మిరియం ఆమె వెనక నిలబడి అంతా వింటోంది. అవతల రెండు జడల పిల్ల దాన్ని పిలుస్తోంది. వెళ్లబోయి ఆగి, ఇన్నాళ్ల తర్వాత తెలుగులో అడిగింది.

"రేపు నువ్వు ఎవరితో మాట్లాడతావు?"

"చూస్తాలే," అంది పెద్దమ్మ.

పిల్ల ఆ జవాబు నమ్మలేదు. అయినా రెండో పిలుపు వినగానే పరుగెత్తింది.

హోటల్ అడుగునున్న గదిలో ఆమె చోటు ఖాళీగానే ఉంది. దుప్పటి అవతలి కొసలు పట్టుకునే ఆమె ఈమెను చూసి గడ్డం ఎగరేసి, పళ్లన్నీ కనిపించేలా నవ్వింది. కాసేపటికే హోరు చెవుల్లో నిండింది. కొన్నాళ్లు ఆమెకు ఏదైనా తమాషా కనిపిస్తే మిరియానికి చెప్పాలని మనసులో దాచుకునేది. తర్వాత తర్వాత దాచుకోవడం తగ్గింది. ఒకసారి బస్సు కిటికీలోంచి బడి ముందు మిరియం కనిపించింది. ఇద్దరు ముగ్గురు పిల్లల మధ్య చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. బస్సు మలుపు తిరిగింది.

కూతురు సెలవుల్లో ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరింది. ఒక సాయంత్రం ఇద్దరూ ఒకే బస్సులో పడ్డారు. కూతురు చెవుల్లో పాటల తీగలు పెట్టుకుని కిటికీ వైపు కూర్చుంది. పెద్దమ్మ పక్కన సర్దుకుని కూర్చుంది. తర్వాత, వింటుందో వినదో చూడకుండా, తెలుగులో మొదలుపెట్టింది. కోట్ల కింద బూట్లు, రంగు పెన్సిల్, అద్దం ముందు వేషాలు, ఒట్టు, వంతెన బొమ్మ, అన్నీ చెప్పింది. తన తప్పు కూడా దాచలేదు. ఎప్పుడు తీసిందో, కూతురు ఒక చెవిలోని తీగ తీసేసి ఉంది.

"నా పక్కన అలా ఎవరినీ పెట్టలేదేం?" అని ఇక్కడి భాషలో అడిగింది. మొహం ఇటు తిప్పలేదు.

"అలా పెడతారని మాకు తెలియదమ్మా. అడగాలనీ తెలియదు."

కూతురు తీసిన తీగను మళ్లీ చేతిలోకి తీసుకుంది. అయిపోయిందిలే అనుకుంది పెద్దమ్మ. అంతలో ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. కిటికీ అద్దం వైపే చూస్తూ, వేగంగా, ఆగకుండా చెప్పింది. ఆ భాషలో అంత వేగం పెద్దమ్మకు అందదు. ఆట గంట అన్న మాట అందింది. సైకిళ్లు పెట్టే చోటు అందింది. బూట్లు అన్న మాట మళ్లీ మళ్లీ వచ్చింది. మధ్యలో చాలా పోయింది.

"బూట్లు కరిచేవా తల్లీ?" అని అడిగింది భయపడుతూ. "అప్పుడు చెప్పలేదేం?"

కూతురు తల తిప్పి ఆమెను చూసింది. నవ్వబోయింది, నవ్వు కుదరలేదు. తెలుగు మాట కోసం వెతుక్కుంది. "కరవడం కాదు... అమ్మా, నేను... ఊరికే..." మాట దొరకలేదు. ఆఖరికి ముందుకు వంగి తన బూటు తాడు ముడి విప్పింది. మళ్లీ కట్టింది. మళ్లీ విప్పింది. కట్టింది. తల ఎత్తకుండా, ఏదో చాలా పని ఉన్నదానిలా, ఆట గంటలో తను ఒంటరినని చుట్టూ ఆడుకుంటున్న పిల్లలెవరూ కనిపెట్టకూడదన్నట్టు, విప్పుతూ కడుతూ ఉంది.

పెద్దమ్మ వంగి ఉన్న ఆ వీపు మీద చెయ్యి వేసింది. ఎప్పుడైనా అలా చెయ్యి వేస్తే పిల్ల భుజం తప్పించేది. ఇప్పుడు తప్పించలేదు. లేవనూ లేదు. బస్సు ఆగింది, ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. కూతురు ముడి మళ్లీ విప్పింది.